పత్తర్‌గట్టి నేర్పిన పలుకుబడి

1975 వేసవిలో మా చెల్లెలి పెళ్లి కుదిరింది. అప్పటికి నేను జిల్లా నుంచి హైదరాబాదుకు బదిలీ అయి ఆరు నెలలు. శుభలేఖలు ఎక్కడ అచ్చు వేయించాలని మా సూపరింటెండెంటుగారిని అడిగితే, "ఛత్తా బజారుకు పోవయ్యా. నయాపుల్ దాటి పత్తర్‌గట్టిలో ఎవరినడిగినా చెబుతారు" అన్నారు. నేను వెళ్లి, పత్తర్‌గట్టి రాతి వరండాలో ఒక అత్తరు దుకాణం ముందు నిలబడి, వచ్చిన రెండు ఉర్దూ ముక్కలు కూడగట్టుకుని "చెత్త బజార్ కిధర్ హై?" అని అడిగాను. దుకాణంలోని పెద్దాయన కళ్లజోడు పైకి జరిపి చూశాడు. ఆయనకు తెలుగు బాగా వచ్చు. "చెత్త కావాలంటే బల్దియా బండి వెనక పో బేటా. పెళ్లి కార్డులు కావాలంటే ఛత్తా బజార్ పో" అన్నాడు.

ఛత్తా అంటే పైకప్పు ఉన్న దారి. ఢిల్లీ ఎర్రకోటలోని ఛత్తా చౌక్‌కూ ఆ పేరు అందుకే వచ్చింది. పెద్దాయన ఆ మాట నా చేత మూడుసార్లు పలికించి, ఎడమవైపు సందు చూపించాడు. అక్కడ అచ్చుయంత్రాల చప్పుడు, కలంతో ఉర్దూ అక్షరాలు దిద్దే కాతిబులు, తీగల మీద ఆరవేసిన శుభలేఖలు. పని అయ్యాక తిరిగి వస్తూ ఆయన దుకాణం ముందు ఆగాను. ఆ తరువాత ముప్పై ఏళ్లు, ఆయన ఉన్నన్నాళ్లూ, అటు వెళ్లినప్పుడల్లా ఆగుతూనే ఉన్నాను. నా ఉచ్చారణ చదువు అక్కడ సాగింది.

పత్తర్‌గట్టి సంగతి మన సభ్యుల్లో చాలామందికి తెలిసిందే. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తరువాత 1912లో నగరాభివృద్ధికి ఒక బోర్డు ఏర్పడింది. ఉర్దూలో దాని పేరు ఆరాయిష్-ఎ-బల్దా. మదీనా భవనం నుంచి మచ్లీ కమాన్ దిశగా సాగే ఆ రాతి కమాన్ల దుకాణాల వరుస ఆ కాలపు నగర పునర్నిర్మాణంలో రూపుదిద్దుకున్నదే. బల్దా అంటే నగరం. మన పత్రికలు నగరపాలక సంస్థను 'బల్దియా' అని రాస్తాయి చూడండి, ఆ మాట ఈ కుటుంబంలోదే. ఇక ఉర్దూలో రాయి 'పత్థర్', త కింద ఒత్తు ఉంది. పాతనగరంలో మామూలు మనిషి దాన్ని 'ఫత్తర్' అంటాడు. మనం పత్తర్ అంటాం. రాయి గట్టిదే కాబట్టి పత్తర్‌గట్టి అయిందని నేను చాలాకాలం అనుకున్నాను. ఆ మాట చెబితే పెద్దాయన చాలాసేపు నవ్వాడు గాని ఖండించలేదు.

తప్పుల్లో నాకు బాగా ఇష్టమైనది మన లకడీకాపుల్. లకడీ అంటే కట్టె, పుల్ అంటే వంతెన. వెరసి కట్టెల వంతెన. మనం దాన్ని నిక్షేపంగా 'లక్డీకాపూల్' చేసుకున్నాం. ఉర్దూ చెవికి అది కట్టెపువ్వులా వినిపిస్తుంది! తెలుగు దినపత్రికల్లో తరచూ అలాగే అచ్చవుతుంది. నయాపుల్ నయాపూల్ అయింది. 1578లో గోల్కొండ సుల్తానులు మూసీ మీద కట్టిన పురానాపుల్‌కూ పూలు పూశాయి. కోఠీ అంటే పెద్ద భవంతి. బ్రిటిష్ రెసిడెంటు మేడ వల్ల వచ్చిన ఆ పేరును బస్సు కోసం నిలబడ్డవాళ్లం 'కోటి' అంటున్నాం. ఒత్తు పోయి లెక్క మిగిలింది.

అయితే ఇవన్నీ తప్పులేనా? నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1798లో చనిపోయాడు. ఫ్రెంచివారు గౌరవంగా పిలిచే 'ముస్యూ' అనే మాట జనం నోట మూసా అయింది. రేమండ్ కొందరికి రహీమ్, కొందరికి రామ్ అయ్యాడు. మూసారాంబాగ్‌లో ఉన్నది ఆయన పేరే. అక్కడ ఇల్లు కట్టుకున్న మన సభ్యుల్లో ఎందరికి తమ చిరునామాలో ఒక ఫ్రెంచివాడున్నాడని తెలుసు?

అంతకు రెండు వందల ఏళ్ల ముందుకు పోతే గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షా కనిపిస్తాడు. 1550 నుంచి 1580 వరకు ఏలాడు. తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానం ఆయనకు అంకితమిచ్చాడు. మలిక్ ఇబ్రహీం అనే పేరును మన కవులు 'మల్కిభరాముడు' చేసేశారు. ఇభమంటే ఏనుగు, ఆ పక్కన రాముడు. ఛందస్సులో చక్కగా ఒదిగింది. ఉచ్చారణ తప్పని సుల్తాను వారి మీద కోప్పడ్డట్టు ఎక్కడా వినలేదు. పండితుడు పద్యంలో మార్చితే అలంకారం, గుమాస్తా నోట మారితే అపభ్రంశం. ఈ న్యాయం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

పోనీ ఉర్దూ మాట్లాడేవారిలో తేడాలు లేవా అంటే, బోలెడున్నాయి. గొంతు లోపలి నుంచి పలకవలసిన క-కారం ఒకటి అరబ్బీ నుంచి వచ్చింది. హైదరాబాదీ నాలుక దాన్ని ఖ చేస్తుంది. దాంతో సమాధికీ సమాచారానికీ ఒకే పలుకు, రెండూ 'ఖబర్'. లక్నోవాళ్లు ఇది విని నవ్వుతారట. "వాళ్లు మమ్మల్ని చూసి నవ్వుతారు, మేము మిమ్మల్ని చూసి నవ్వుతాం. నువ్వెవర్ని చూసి నవ్వుతావో వెతుక్కో" అనేవాడు మా అత్తరు పెద్దాయన.

మన నాలుకకు మాత్రం ఒక నియమం ఉంది. చాప, జడ అన్నప్పుడు చ, జ పళ్ల దగ్గర పలుకుతాయి. చిలుక, జీతం అన్నప్పుడు అంగిలి దగ్గర పలుకుతాయి. చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో ఈ దంత్య, తాలవ్య భేదం చెప్పే ఉన్నాడు. అందువల్ల 'బజారు'లోని జ మనకు తెలియకుండానే ఉర్దూ పలుకుకు దగ్గరగా వస్తుంది. 'జిల్లా' దగ్గరకు వచ్చేసరికి ఆ పప్పులు ఉడకవు. ఇ-కారం ముందు మనకు దంత్యం లేదు. ఫ సంగతి చెప్పనే అక్కర్లేదు, పల్లెలో 'ఆపీసు' అనని వారెవరు? దరఖాస్తు, జప్తు, హాజరు, మంజూరు, వసూలు ఇలా మన కచేరీ మాటలన్నీ ఈ జల్లెడలోంచి దిగినవే. బ్రౌన్ దొర 1854లో ఇటువంటి మాటలకు ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువే అచ్చు వేయించాడు. అప్పటికే తెలుగు గుమాస్తాలకు అవి పరాయి మాటలు కావు.

మనకు మరీ దగ్గరి మాట ఒకటుంది. ఇంగ్లీషు పెన్షన్ మన ఇళ్లలో పింఛను. హైదరాబాదు ఉర్దూలో దానికి 'వజీఫా' అని పేరు. పూర్తిగా చెబితే వజీఫా-ఎ-హుస్నె ఖిద్మత్, అంటే మంచి సేవకు ఇచ్చే వేతనం. పింఛనుదారును 'వజీఫాయాబ్' అంటారు. ఇంత మర్యాద ఉన్న మాట పింఛను పత్రాల్లో మరెక్కడా నాకు కనబడలేదు. 'వజీఫా'లోని జ, ఫ రెండూ మన నోటికి లొంగనివే. పెద్దాయన ఎంత నేర్పినా నాకు పట్టుబడలేదు.

ఇంతవరకు సరదాగా రాశాను. ఇక చెప్పవలసింది చెబుతాను.

1979లో నేను పనిచేసిన ఒక కార్యాలయంలో పాతనగరం నుంచి ఒక యువకుడు కొత్తగా చేరాడు. ఆయన సర్వీసు రిజిస్టరు మొదటి పుట నింపింది నేనే. ఆయన పేరు చెప్పాడు, నేను విన్నట్టు రాశాను. ఇంగ్లీషులో జెడ్‌తో మొదలుకావలసిన పేరు జె-తో మొదలైంది. సర్టిఫికెట్టుతో సరిచూడవలసింది, చూడలేదు. ఆయన గమనించి, "సాబ్, యే గలత్ హై" అన్నాడు కూడా. "ఏదైతేనేం భాయ్, పలికేది ఒకటేగా" అన్నాను. నా చెవికి అది నిజంగా ఒకటే.

ఆయన ఆ జె-తోనే ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి 2008లో రిటైరయ్యాడు. పింఛను పత్రంలోనూ జె-నే. 2016లో ఆయన పోయాడు. ఆధార్‌లోనూ, మరణ ధ్రువపత్రంలోనూ పేరు జెడ్‌తో ఉంది. కుటుంబ పింఛను కోసం వెళితే, చనిపోయిన మనిషి, పింఛను తీసుకున్న మనిషి ఒకరేనని రుజువేమిటని ఆయన భార్యను అడిగారు. అడిగినవాళ్లను తప్పు పట్టలేను. ఆ కుర్చీలో నేనున్నా అదే అడిగేవాణ్ని. ఏడు నెలలు ఆమె చేతికి పైసా రాలేదు.

సంగతి తెలిసి వాళ్లింటికి వెళ్లాను. "భాభీ, ఆ అక్షరం రాసింది నేనే" అని చెప్పాను. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆయన చెప్పేవారు భాయ్‌సాబ్. కార్యాలయంలో నా పేరు వేరు, ఇంట్లో నా పేరు వేరు అని నవ్వేవారు" అంది. మరునాడు ఇద్దరం నోటరీ దగ్గరకు వెళ్లాం. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని, మొదటి పుట నా దస్తూరీలో ఉందని నేను అఫిడవిట్ ఇచ్చాను. చదివి వినిపించమని నోటరీ అన్నాడు. ఆయన పేరు దగ్గర ఆగి, పెద్దాయన నేర్పినట్టు పళ్లు దగ్గరకు చేర్చి, రెండోసారికి సరిగా పలికాను. మరో ఆరు వారాలకు బకాయిలతో సహా పింఛను మంజూరైంది.

సభ్యులు ఇంట్లో ఉన్న పింఛను పత్రం, బ్యాంకు పుస్తకం, ఆధార్ పక్కపక్కన పెట్టి, మీ పేరూ మీ జీవిత భాగస్వామి పేరూ అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే మీరుండగానే దిద్దించండి. కాగితాలు రాయడానికి చేయి వణికేవారు ఉంటే నాకు కబురు చేయండి, వచ్చి రాసిపెడతాను. ఈసారి పేరు రెండుసార్లు అడిగి రాస్తాను.