పిల్లలు కూరగాయలు ముట్టడం లేదా? కీమాలో, దాల్చాలో ఇలా కలపండి

అల్లూరు ఇళ్లలో చేపల పులుసుకు పేచీ ఉండదు. కీమా వండితే పిల్లలు పిలవకుండానే వచ్చి కూర్చుంటారు. ప్లేటులో బీరకాయ కనబడితేనే గొడవ. "అమ్మీ, నాకొద్దు" అంటూ ముక్కలన్నీ ఏరి పక్కన పెట్టేస్తారు.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో సుమారు 63 శాతం మందికి రక్తహీనత ఉంది. కారణాలు చాలా ఉన్నా, తిండిలో ఐరన్ చాలకపోవడం వాటిలో ముఖ్యమైనది. మనం రోజూ వండే వాటిలోనే దీనికి దారి ఉంది.

కీమా: అరకిలో కీమాకు ఒక కట్ట మెంతికూర లేదా పాలకూర సన్నగా తరిగి వేయండి. ఆకుకూరలోని ఐరన్ ఒంటికి త్వరగా పట్టదు. మాంసంతో కలిపి తింటే బాగా పడుతుంది. దించాక నిమ్మరసం పిండితే ఇంకా మంచిది.

దాల్చా: సొరకాయను మెత్తగా ఉడికించి పప్పులో మెదిపేయండి. రెండు మూడు ముక్కలు మాత్రం కనబడేలా వదలండి.

షామీ కబాబ్: ఉడికించిన మాంసం, శనగపప్పు రుబ్బాక క్యారెట్ తురుము కలపండి. తురుములో నీళ్లు ముందే పిండేయాలి, లేకపోతే కబాబ్ విడిపోతుంది. క్యారెట్‌లోని విటమిన్ ఎ అందాలంటే కొంచెం నూనె ఉండాలి కాబట్టి వేపుడులో వేయడం మంచిదే.

చపాతీ: పాలకూర ఉడికించి, రుబ్బి, ఆ ముద్దతోనే పిండి కలపండి.

అయితే ఎప్పుడూ దాచిపెట్టడమే పని కాకూడదు. కంటికి కనబడని కూరగాయ పిల్లలకు అలవాటు కాదు. కొత్త రుచి నచ్చాలంటే ఒక్కోసారి పది, పదిహేను సార్లు పెట్టాల్సి వస్తుంది. బలవంతం చేయకుండా ప్లేటులో ఒక్క ముక్క ఉంచండి చాలు. "ఇందులో ఏం కలిపావు?" అని అడిగితే నిజమే చెప్పండి. అబద్ధం దొరికిపోతే రేపు కీమాను కూడా అనుమానిస్తారు.

సహీ బుఖారీలో ఒక హదీసు ఉంది. ఒక దర్జీ ఇంట విందులో సొరకాయ, ఎండు మాంసం వేసిన కూర వడ్డించారు. ప్రవక్త ముహమ్మద్ (స) గిన్నెలో సొరకాయ ముక్కలు వెతుక్కుని తినడం హజ్రత్ అనస్ (రజి) చూశారు. చిన్న వయసులోనే ప్రవక్త సేవలో చేరినవారు ఆయన. ఆ రోజు నుంచి తనకూ సొరకాయ ఇష్టమైందని చెప్పారు. ఆయనకు ఎవరూ దాచి పెట్టలేదు, బలవంతం చేయలేదు. చూసి నేర్చుకున్నారు.

ఈ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర బీరకాయ ముక్క ముందు అబ్బా నోట్లోకి వెళ్లనివ్వండి.