ఎగువకు కొట్టినా దిగువకు కొట్టినా గురి కిందికే

పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీదుగా వచ్చింది. ఆయనకు పులివేటంటే ప్రాణం. అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటెక్కితే వచ్చే ఫరహాబాద్ నిజాముల కాలపు వేట విడిదే. అక్కడ కొండ అంచున నిలబడితే కింద అడవి పరుచుకుని కనిపిస్తుంది. అక్కణ్నుంచి లోయలోని కణుజుకు గురిపెట్టినవాడికి వచ్చే మొదటి సందేహం: తుపాకి ఎంత ఎత్తి పట్టాలి?

ఎత్తకూడదు, కాస్త దించాలి. లోయలోంచి గట్టు మీదికి కొట్టినా అంతే. కొత్తవాళ్లకు ఈ రెండో మాట ఒక పట్టాన మింగుడుపడదు.

తుపాకి మీద గురి చదునునేల లెక్కన సరిచేసి ఉంటుంది. భూమి గుండును లాగేది మాత్రం ఎప్పుడూ నిట్టనిలువునా కిందికే. తుపాకి ఏటవాలుగా ఉన్నప్పుడు ఆ లాగుడులో కొంత భాగమే గుండును చూపుగీత నుంచి కిందికి దించుతుంది. దాంతో గుండు అనుకున్నదానికంటే పైన తగులుతుంది. అందుకే వాలు వెంట దూరం కాదు, నేల మట్టాన ఉండే దూరం లెక్కలోకి తీసుకోవాలి. 30 డిగ్రీల వాలులో 200 మీటర్లుంటే 173కు, 45 డిగ్రీలైతే 141కి గురిపెట్టాలి.

ఇంతా చేసి తేడా ఎంత? సెకనుకు దాదాపు 740 మీటర్ల వేగంతో గుండు వదిలే .303 రైఫిల్‌కు 200 మీటర్ల దగ్గర, 30 డిగ్రీల వాలులో, ఐదారు సెంటీమీటర్లు. మంచె మీంచి 30 మీటర్లలో ఉన్న పులికైతే ఒక మిల్లీమీటరు. పులి ఎదుటికొచ్చాక మిల్లీమీటర్లు ఎవరు చూస్తారు! మంచె మీద అసలు చిక్కు వేరు. గుండు వీపున దిగి పొట్టకిందుగా బయటపడుతుంది. పక్కనుంచి కొట్టేచోట గురిపెడితే గుండెను తప్పిపోవచ్చు. గుండు ఎక్కడ తగులుతుందన్నదే కాదు, ఎక్కడ బయటికొస్తుందో కూడా ఊహించి కొట్టాలి. గాయంతో పొదల్లో దూరిన పులి వెంట వెళ్లాల్సిన పని ఎంత ప్రమాదమో వేటగాళ్లకు తెలుసు.

ఈ లెక్క నిజంగా పనికొచ్చేది విల్లు పట్టినవాడికి. 1940లో మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఇదే అడవిలో, అమ్రాబాద్ పీఠభూమి మీద, విల్లంబులతో వేటాడే చెంచుల మధ్య ఉన్నాడు. 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. సెకనుకు 45 మీటర్ల వేగంతో పోయే బాణాన్ని తీసుకుందాం. 30 మీటర్లు పోయేసరికి అది రెండు మీటర్లకు పైగా దిగుతుంది. అదే 30 డిగ్రీల వాలులో, చదునునేల గురితోనే వదిలితే, 30 సెంటీమీటర్లు పైనుంచి పోతుంది. అంటే కుందేలు చెవుల మీదుగా.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో షికారు ముగిసింది. 1983లో ఈ నల్లమల అడవుల్లో పెద్ద భాగం పులుల అభయారణ్యమైంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ పేరుతో నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించింది. పెంటలనే చిన్న గూడేల్లోని చెంచులు కొందరు ఇప్పుడు అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా ఉంటూ, పులుల అడుగుజాడలు చూసి చెబుతున్నారు.