ఎన్‌బీఏ విజేతలు: 2019 నుంచి 2025 వరకు

అమెరికా, కెనడాలకు చెందిన 30 జట్లు ఆడే ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2019 నుంచి 2025 వరకు ఏడు సీజన్లు జరిగితే, ఏడింటిలోనూ వేర్వేరు జట్లే టైటిల్ గెలిచాయి. టొరంటో రాప్టర్స్, లాస్ ఏంజెలిస్ లేకర్స్, మిల్వాకీ బక్స్, గోల్డెన్ స్టేట్ వారియర్స్, డెన్వర్ నగెట్స్, బోస్టన్ సెల్టిక్స్, ఓక్లహామా సిటీ థండర్ అన్నది ఆ వరస. వరసగా ఏడేళ్లు ఏ జట్టూ రెండోసారి గెలవకపోవడం లీగ్ చరిత్రలో ఇదే మొదటిసారి. ఇంతకుముందు 1975 నుంచి 1980 దాకా ఆరేళ్లు ఇలాగే ఆరు జట్లు గెలిచాయి. 1976 విజేత సెల్టిక్స్ 1981లో మళ్లీ గెలవడంతో ఆ వరస తెగిపోయింది. ఈ ఏడేళ్ల ఫలితాలను చూసి లీగ్‌లో జట్లన్నీ ఇంచుమించు సమానమయ్యాయనీ, ఎవరైనా గెలవగల రోజులు వచ్చాయనీ చాలామంది వ్యాఖ్యాతలు అంటుంటారు. ఆధారాలు మాత్రం ఆ మాటను బలపరచవు. బలమైన జట్టుకూ బలహీనమైన జట్టుకూ మధ్య దూరం తగ్గలేదు. తగ్గింది గెలిచిన జట్టు ఆయుష్షు.

లీగ్ గతంతో పోలిస్తే ఈ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. 1957 నుంచి 1969 వరకు 13 సీజన్లలో సెల్టిక్స్ 11 టైటిళ్లు గెలిచింది. అందులో 1959 నుంచి 1966 దాకా వరసగా ఎనిమిది. 1980ల దశాబ్దం మొత్తంలో టైటిల్ అందుకున్నవి నాలుగే జట్లు: లేకర్స్ ఐదుసార్లు, సెల్టిక్స్ మూడుసార్లు, ఫిలడెల్ఫియా, డెట్రాయిట్ చెరొకసారి. 1990లలో షికాగో బుల్స్ ఆరు గెలిచింది. 2015 నుంచి 2019 వరకు వారియర్స్ ఐదేళ్లూ ఫైనల్స్ ఆడి మూడు టైటిళ్లు తీసుకెళ్లింది. 2025 నాటికి వరసగా రెండేళ్లు గెలిచిన చివరి జట్టు కూడా అదే, 2017, 2018లలో. ఒకసారి కుదురుకున్న జట్టు నాలుగైదేళ్లు లీగ్‌ను ఏలడం అక్కడ మామూలు సంగతిగానే ఉండేది.

2019 తర్వాత డిఫెండింగ్ చాంపియన్లకు ఏం జరిగిందో చూడాలి, ఎందుకంటే అసలు ఆధారం అక్కడే ఉంది. 2020లో రాప్టర్స్ రెండో రౌండ్‌లో సెల్టిక్స్ చేతిలో ఏడు మ్యాచ్‌లు ఆడి ఓడింది. 2021లో లేకర్స్ మొదటి రౌండ్‌లోనే ఫీనిక్స్‌కు తలవంచింది. 2022లో బక్స్, 2023లో వారియర్స్, 2024లో నగెట్స్, 2025లో సెల్టిక్స్ అందరూ రెండో రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టారు. ఆరేళ్లలో ఒక్క చాంపియన్ కూడా మూడో రౌండైన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా రాలేదు. కొత్త జట్లు పైకి రావడం ఒక్కటే కారణమైతే పాత విజేతలు కనీసం ఒకటి రెండుసార్లయినా ఫైనల్స్‌కు వచ్చి అక్కడ ఓడేవారు. అలా జరగలేదు. గెలిచిన మరుసటి ఏడే జట్టు లోపలి నుంచి బలహీనపడింది.

ఈ బలహీనత ఎలా మొదలవుతుందో ఒక్క ఆటగాడి ప్రయాణం చెబుతుంది. 2018 జులైలో రాప్టర్స్ తమ అభిమాన తార డిమార్ డిరోజన్‌ను శాన్ ఆంటోనియోకు ఇచ్చి కవై లియొనార్డ్‌ను తెచ్చుకుంది. లియొనార్డ్ ఒప్పందంలో మిగిలింది ఒక్క ఏడాదే. వెళ్లిపోతాడని తెలిసీ జట్టు అధ్యక్షుడు మసాయి ఉజిరి ఆ సాహసం చేశాడు. 2019 మే 12న ఫిలడెల్ఫియాతో ఏడో మ్యాచ్ చివరి క్షణంలో మూల నుంచి లియొనార్డ్ వేసిన బంతి రింగు మీద నాలుగుసార్లు ఎగిరెగిరి లోపల పడింది. స్కోరు 92-90. ఆ తర్వాత నెలకు అమెరికా వెలుపలి జట్టుకు తొలిసారి ఎన్‌బీఏ టైటిల్ దక్కింది, లియొనార్డ్ ఫైనల్స్ ఉత్తమ ఆటగాడయ్యాడు. జులైలో అతను లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్‌కు వెళ్లిపోయాడు. తోడుగా పాల్ జార్జ్ కావాలని పట్టుబట్టాడు. జార్జ్‌ను వదులుకున్నందుకు ఓక్లహామా సిటీ అడిగిన ధర చాలా పెద్దది: అప్పటికి ఒక్క సీజనే ఆడిన షే గిల్జస్ అలెగ్జాండర్, ఐదు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కులు (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అవకాశాలు), మరో రెండు డ్రాఫ్ట్ మార్పిడి హక్కులు. అలా వచ్చిన హక్కుల్లో ఒకదానితోనే 2022లో 12వ స్థానంలో జేలెన్ విలియమ్స్‌ను ఎంచుకున్నారు. 2025 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో 40 పాయింట్లు చేసింది ఆ విలియమ్సే. గిల్జస్ అలెగ్జాండర్ ఆ ఏడు లీగ్ ఉత్తమ ఆటగాడు, అత్యధిక స్కోరర్, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు. ఒక్క లియొనార్డ్ ప్రయాణం టొరంటోకు టైటిల్ ఇచ్చి, వెంటనే ఆ జట్టును విడగొట్టి, ఆరేళ్ల తర్వాత మరో ఊరి టైటిల్‌కు పునాది వేసింది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. మిల్వాకీ, డెన్వర్, ఓక్లహామా సిటీ లాంటి చిన్న మార్కెట్లు గెలిచాయి కదా, అది సమానత్వం కాదా అని. ఆ జట్ల విజయాలు గొప్పవే, వాటిని తక్కువ చేయనక్కర్లేదు. 2013 డ్రాఫ్ట్‌లో 15వ స్థానంలో వచ్చిన యానిస్ అంటెటొకుంపో మిల్వాకీని వదలకుండా ఉండి 50 ఏళ్ల తర్వాత ఆ ఊరికి టైటిల్ తెచ్చాడు. 2021 ప్లేఆఫ్స్ అంతటా అతను ఫ్రీ త్రో లైన్ దగ్గర ఎక్కువ సమయం తీసుకుంటూ తడబడుతుంటే, ప్రత్యర్థి జట్ల ప్రేక్షకులు ఒక్కో సెకనూ గొంతెత్తి లెక్కపెట్టి ఎగతాళి చేశారు. టైటిల్ తేలిన ఆరో మ్యాచ్‌లో అదే మనిషి 19 ఫ్రీ త్రోలలో 17 వేసి, మొత్తం 50 పాయింట్లతో ముగించాడు. డెన్వర్ నికొలా యోకిచ్ 2014లో 41వ స్థానంలో డ్రాఫ్ట్ అయినవాడు. 2023 ప్లేఆఫ్స్‌లో మొత్తం పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు మూడింటిలోనూ లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. ఇది అంతకుముందు ఎవరూ చేయనిది. అయితే ఇవి ఊరి పరిమాణాన్ని మించిన అసాధారణ ప్రతిభ కథలే తప్ప జట్లు సమానమైన కథలు కావు. మరోవైపు శాక్రమెంటో 2007 నుంచి 2022 దాకా వరసగా 16 సీజన్లు ప్లేఆఫ్స్ చేరలేదు. షార్లట్ 2016 తర్వాత ఈ ఏడేళ్లలో ఒక్కసారీ చేరలేదు. 2023-24లో డెట్రాయిట్ వరసగా 28 మ్యాచ్‌లు ఓడింది. 2024-25లో థండర్ 82 మ్యాచ్‌లలో 68 గెలిస్తే యూటా 17, వాషింగ్టన్ 18 గెలిచాయి. పట్టికలో పైనా కిందా ఇంత ఎడం ఉన్న లీగ్‌ను సమానమని పిలవడం కష్టం.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. జీతాల నియమాలే విజేతలను మార్చాయని, మరో కారణం వెతకనవసరం లేదని కొందరి వాదన. 2023 జులైలో అమల్లోకి వచ్చిన లీగ్, ఆటగాళ్ల సంఘాల కొత్త ఒప్పందం సెకండ్ ఏప్రన్ అనే గీతను పెట్టింది. 2024-25లో జీతాల పరిమితి 14.06 కోట్ల డాలర్లయితే ఈ గీత 18.89 కోట్ల డాలర్ల దగ్గర ఉంది. దీన్ని దాటిన జట్టు ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాడితో మార్చుకోకూడదు, ట్రేడ్‌లో నగదు పంపకూడదు. ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ డ్రాఫ్ట్ హక్కు కూడా స్తంభించిపోతుంది. కానీ తేదీలు చూస్తే ఈ వాదన సగమే నిలుస్తుంది. ఏడు టైటిళ్లలో ఐదు ఈ నియమం రాకముందే తేలిపోయాయి. 2022లో వారియర్స్ అయితే జీతాలు కాక లగ్జరీ టాక్స్ కిందనే సుమారు 17 కోట్ల డాలర్లు కట్టి మరీ గెలిచింది. నియమం ఈ ధోరణిని పుట్టించలేదు. అప్పటికే ఉన్నదాన్ని బిగించింది. అంతకుముందు 2011 ఒప్పందమే ఆటగాళ్ల ఒప్పందాల గడువును తగ్గించి, పదేపదే పరిమితి దాటే జట్ల మీద పన్ను పెంచింది. గడువులు తగ్గినప్పటి నుంచి మేటి ఆటగాడు తరచూ బేరానికి వచ్చే వీలు కలిగింది. ఏ జట్టూ అతన్ని చాలాకాలం తనవాడని ధీమాగా అనుకోలేని పరిస్థితి అప్పుడే మొదలైంది.

నియమాలు గెలిచిన జట్టును ఎక్కడ కోస్తాయో డెన్వర్ చూపించింది. 2023 టైటిల్‌లో బెంచి మీద నుంచి వచ్చి ముఖ్యపాత్ర పోషించిన బ్రూస్ బ్రౌన్ ఆ జట్టులో ఒక్క ఏడాదే ఉన్నాడు. కాబట్టి అతనికి డెన్వర్ ఇవ్వగలిగిన జీతానికి నియమాల ప్రకారం ఏడాదికి 78 లక్షల డాలర్ల దగ్గర తలుపు పడింది. ఇండియానా రెండేళ్లకు 4.5 కోట్ల డాలర్లు ఇస్తానంది. బ్రౌన్ వెళ్లిపోయాడు. టైటిల్ గెలిచిన ఐదుగురి పక్కన ఆరో వాడిని, ఏడో వాడిని నిలుపుకోలేకపోవడమే 2024లో మిన్నెసోటాతో ఏడో మ్యాచ్‌లో తేలింది. సొంత కోర్టులో 20 పాయింట్ల ఆధిక్యం సాధించిన జట్టు ఆఖరికి 98-90తో ఓడింది. ఆ వేసవిలో టైటిల్ జట్టులోని కెంటేవియస్ కాల్డ్‌వెల్ పోప్ కూడా వెళ్లాడు. బోస్టన్ కథ ఇంకా ఖరీదైనది. 2024లో 64 విజయాలతో సీజన్ ముగించి 18వ టైటిల్ సాధించిన సెల్టిక్స్, ఆ వేసవిలోనే జేసన్ టేటమ్‌కు ఐదేళ్లకు 31.4 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే సెకండ్ ఏప్రన్ బరువు తగ్గించుకోవడానికి టైటిల్ జట్టులోని ఇద్దరు, జ్రూ హాలిడే, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌లను వదులుకుంది. మంచి జట్టును కట్టినందుకు శిక్ష పడటం ఆటకు మేలు చేస్తుందా అనేది నిజాయతీగా అడగాల్సిన ప్రశ్న. అభిమానికి కావలసింది కొత్త విజేత మాత్రమే కాదు, ఒక జట్టు కలిసి ఎదిగి, ఓడి, మళ్లీ లేచే కథ కూడా.

మూడో అభ్యంతరం అదృష్టానిది. గాయాలు, ఒక్క బంతి తేడాలు విజేతలను నిర్ణయించాయని, ఇందులో వెతకాల్సిన పద్ధతేదీ లేదని దీని సారాంశం. ఉదాహరణలకు కొదవలేదు. 2019 ఫైనల్స్‌లో వారియర్స్‌కు కెవిన్ డురాంట్ అకిలిస్ స్నాయువు తెగింది, తర్వాతి మ్యాచ్‌లో క్లే థాంప్సన్ మోకాలు దెబ్బతింది. 2021లో బ్రూక్లిన్ తరఫున డురాంట్ చివరి క్షణాల్లో వేసిన షాట్ మూడు పాయింట్లది కావాల్సింది. బూటు మొన గీత మీద పడటంతో రెండే వచ్చాయి. మ్యాచ్ అదనపు సమయానికి వెళ్లింది, బక్స్ గట్టెక్కి టైటిల్ దాకా సాగింది. 2025 జూన్ 22న, మన కాలమానంలో 23 ఉదయం, ఫైనల్స్ ఏడో మ్యాచ్ తొలి క్వార్టర్‌లోనే ఇండియానా తార టైరీస్ హాలిబర్టన్ కుడి కాలి అకిలిస్ తెగి కోర్టు మీద కుప్పకూలాడు. అప్పటికే మూడు త్రీ పాయింటర్లు వేసి ఉన్నాడు. థండర్ 103-91తో గెలిచింది. ఇవన్నీ నిజమే. అయితే అదృష్టం ఎవరు గెలిచారో చెప్పగలదు. గెలిచినవారు వరసగా ఆరేళ్లు మరుసటి ఏడే ఎందుకు కుంగిపోయారో ఒంటరిగా చెప్పలేదు.

గాయాలను కూడా పూర్తిగా విధి ఖాతాలో వేయలేం. టైటిల్ గెలిచే జట్టు ప్లేఆఫ్స్ చేరని జట్లకంటే రెండు నెలలు ఎక్కువ ఆడుతుంది, తక్కువ విశ్రాంతితో మళ్లీ మొదలుపెడుతుంది. దీనికి తీవ్రమైన ఉదాహరణ లేకర్స్. కోవిడ్ కారణంగా ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌లో బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఆడిన 2020 ఫైనల్స్ అక్టోబరు 11న ముగిసింది. కొత్త సీజన్ 72 రోజులకే మొదలైంది. ఆ ఏడు ఆంథనీ డేవిస్, లెబ్రాన్ జేమ్స్ ఇద్దరూ గాయాలతో చాలా మ్యాచ్‌లకు దూరమై, మొదటి రౌండ్‌లో డేవిస్ మళ్లీ కుంటుతూ బయటికి నడిచాడు. 2022లో బక్స్‌కు క్రిస్ మిడిల్టన్ లేడు. 2025లో టేటమ్ న్యూయార్క్‌తో నాలుగో మ్యాచ్‌లో అకిలిస్ తెంచుకున్నాడు. అంతకుముందే ఆ సిరీస్ చేజారుతోంది. మొదటి మ్యాచ్‌లో సెల్టిక్స్ 60 త్రీ పాయింటర్లు ప్రయత్నించి 45 పోగొట్టుకుంది, రెండో మ్యాచ్‌లో 40కి 30. రెండింటిలోనూ 20 పాయింట్ల ఆధిక్యం కరిగిపోయింది. దూరం నుంచి వేసే షాట్ల మీద ఇంతగా ఆధారపడే ఆటలో మేటి జట్టు కూడా రెండు చెడ్డ రాత్రులకు సిరీస్‌నే మూల్యంగా చెల్లించాల్సి వస్తుంది. ఒప్పందాల గడువు, జీతాల గీత, అలసిన శరీరం, షాట్ల ఒడిదుడుకులు, ఈ నాలుగూ ఒకే దిశలో పనిచేస్తున్నాయి.

ఈ నాలుగింటికీ ముందుజాగ్రత్త పడిన జట్టుగా థండర్ కనిపిస్తుంది. 1979లో సియాటిల్ సూపర్‌సోనిక్స్ పేరుతో గెలిచి, 2008లో ఓక్లహామా సిటీకి తరలివచ్చిన ఈ ఫ్రాంచైజీ 2020-21లో 72 మ్యాచ్‌లలో 22 మాత్రమే గెలిచింది. జార్జ్‌ను వదులుకున్నప్పటి నుంచే జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టీ డ్రాఫ్ట్ హక్కులను పోగుచేస్తూ వచ్చాడు. 2025 టైటిల్ తర్వాత గిల్జస్ అలెగ్జాండర్‌కు నాలుగేళ్లకు 28.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్‌లకూ భారీ ఒప్పందాలు దక్కాయి. యువ ఆటగాళ్లిద్దరి కొత్త జీతాలు 2026-27 నుంచి, గిల్జస్ అలెగ్జాండర్‌ది 2027-28 నుంచి లెక్కలోకి వస్తాయి. ముగ్గురి జీతాలూ కలిసే ఆ ఏడాది నుంచి జట్టు సహాయక ఆటగాళ్లను ట్రేడ్లతో కాక, దాచుకున్న డ్రాఫ్ట్ హక్కులతో తక్కువ జీతానికి వచ్చే కుర్రాళ్లతో భర్తీ చేసుకోవాలి. డెన్వర్, బోస్టన్‌ల దగ్గర అంత నిల్వ లేదు, థండర్ దగ్గర ఉంది.