బైక్ క్లబ్‌లో చేరుతున్నారా? జాకెట్, ప్యాచ్ చూసి మురిసిపోకండి.. ముందు ఈ విషయాలు తెలుసుకోండి!

ఆదివారం తెల్లవారుజామున శ్రీశైలం హైవే మీదో, వికారాబాద్ అనంతగిరి వైపో వెళ్లి చూడండి. ఒకే రకం జాకెట్లు, వరుసగా పదీ ఇరవై బైకులు. విశాఖలో అయితే భీమిలి బీచ్ రోడ్డు, అరకు ఘాట్. టీ కొట్టు దగ్గర ఆగితే చుట్టూ జనం మూగుతారు. "అబ్బ, ఏం బండ్లురా" అనేవాళ్లు కొందరు. "వీళ్లకేం పనీపాటా లేదా" అని గొణిగేవాళ్లు ఇంకొందరు. ఈ రెండు మాటలకీ కారణాలున్నాయి. కొత్త బండి కొన్న వారానికే ఏదో ఒక రైడింగ్ గ్రూప్ వాట్సాప్ లింక్ ఫోన్‌కి వచ్చేస్తోంది కాబట్టి, నొక్కేముందు అసలు కథేంటో చూద్దాం.

గ్రూప్ వేరు.. క్లబ్ వేరు

బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కానీ లోపల చాలా తేడా ఉంది. మొదటి రకం కంపెనీలు నడిపేవి. హార్లే డేవిడ్‌సన్ 1983లో ఓనర్ల కోసం 'హాగ్' అనే గ్రూప్ పెట్టింది. ఆ బండి కొంటే చాలు, చేరిపోవచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఏళ్లుగా హిమాలయన్ ఒడిస్సీ నడుపుతోంది. గోవాలో జరిగే రైడర్ మానియాకి ఇప్పుడు మోటోవర్స్ అని పేరు మార్చింది. రెండో రకం వాట్సాప్ గ్రూపులు. రూల్స్ తక్కువ, వచ్చేవాళ్లు వస్తారు, పోయేవాళ్లు పోతారు. మూడో రకమే అసలైన క్లబ్బులు. అధ్యక్షుడు, కోశాధికారి, రోడ్ కెప్టెన్ ఉంటారు. కొత్తవాళ్లని కొన్ని నెలలు చూసి, సభ్యులంతా ఒప్పుకుంటేనే ప్యాచ్ ఇస్తారు. అమ్మాయిల కోసం 2011లో మొదలైన 'బైకర్నీ' లాంటివీ ఉన్నాయి.

మరి ఈ చెడ్డపేరు ఎక్కడిది?

దీనికి అమెరికా వెళ్లాలి. 1947 జూలైలో కాలిఫోర్నియాలోని హోలిస్టర్ అనే చిన్న ఊళ్లో బైక్ రేసులు పెట్టారు. ఊరు పట్టనంత మంది రైడర్లు దిగిపోయారు. తాగడం, వీధుల్లో రేసులు, గొడవలు. జరిగింది కొంత, ప్రచారమైంది కొండంత. ఖాళీ బీరు సీసాల మధ్య బైక్ మీద కూర్చున్న ఒకాయన ఫొటోని లైఫ్ పత్రిక పెద్దగా వేసింది. కావాలనే అలా కూర్చోబెట్టి తీశారన్న అనుమానం ఇప్పటికీ ఉంది. 1953లో మార్లన్ బ్రాండో హీరోగా 'ది వైల్డ్ వన్' సినిమా వచ్చింది. ఆ దెబ్బకి లెదర్ జాకెట్ వేసిన బైకర్ అంటే రౌడీ అనే ముద్ర పడిపోయింది.

అప్పుడే ఒక మాట పుట్టింది. "బైక్ నడిపేవాళ్లలో 99 శాతం మంచివాళ్లే" అని అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ అన్నదట. తాము అలా అన్నట్టు రికార్డు లేదని ఆ సంఘమే తర్వాత చెప్పింది. కానీ కొన్ని క్లబ్బులు "అయితే మేం ఆ మిగిలిన ఒక్క శాతం" అని దాన్నే గర్వంగా జాకెట్ మీద కుట్టించుకున్నాయి. '1%' ప్యాచ్ వెనుక కథ ఇదే. 1948లో ఫోంటానాలో మొదలైన హెల్స్ ఏంజెల్స్, 1966లో టెక్సాస్‌లో పుట్టిన బాండిడోస్ ఇలాంటివే. అమెరికా న్యాయశాఖ వీటిని ఔట్‌లా గ్యాంగులు అంటుంది. తప్పు చేసింది మనుషులు, క్లబ్ కాదని హెల్స్ ఏంజెల్స్ వాదన. కెనడాలోని క్యుబెక్‌లో 1994 నుంచి ఏళ్ల తరబడి జరిగిన బైకర్ల గొడవల్లో 150 మందికి పైగా చనిపోయారు. 2019లో నెదర్లాండ్స్ కోర్టు హెల్స్ ఏంజెల్స్‌ని దేశంలోనే నిషేధించింది.

ఇక టెక్సాస్‌లోని వేకో ఘటన చూడండి. 2015 మే 17న ఒక రెస్టారెంట్ దగ్గర క్లబ్బుల మధ్య కాల్పులు జరిగాయి. 9 మంది చనిపోయారు. పోలీసులు 177 మందిని అరెస్ట్ చేశారు. చివరికి 2019కల్లా మిగిలిన కేసులన్నీ ఎత్తేశారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. కానీ ఆ నాలుగేళ్లలో ఆ 177 మంది ఉద్యోగాలు, కుటుంబాలు ఏమై ఉంటాయో ఊహించుకోవచ్చు. జాకెట్ మీద ప్యాచ్ ఉంటే ఆ క్లబ్ పేరు మంచైనా చెడైనా మన మీద పడుతుంది.

అక్కడ చదువుకునే, ఉద్యోగం చేసే మన తెలుగు కుర్రాళ్లకి ఇది మరీ ముఖ్యం. వీపు మీద పైన క్లబ్ పేరు, మధ్యలో గుర్తు, కింద ఏరియా పేరు.. ఇలా మూడు ముక్కల ప్యాచ్ అంటే అక్కడ చాలా అర్థం ఉంది. ఆ ఏరియా మాది అని చెప్పుకోవడం కిందే లెక్క. సరదాగా ఆన్‌లైన్‌లో అలాంటి జాకెట్ కొనుక్కుని తిరిగితే ఎవరో ఒకరు ఆపి నిలదీసే ప్రమాదం ఉంది.

మన దగ్గర సమస్య వేరు

ఇక్కడ చెడ్డపేరు తుపాకుల వల్ల రాలేదు. సైలెన్సర్ వల్ల వచ్చింది. స్టంట్ల వల్ల వచ్చింది. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్క్ చుట్టూ, రాయదుర్గం వైపు వీకెండ్ రాత్రుళ్లు రేసులు పెట్టడం, పోలీసులు బండ్లు సీజ్ చేయడం మనం వార్తల్లో చూస్తున్నదే. అర్ధరాత్రి వీలీలు కొట్టే కుర్రాళ్లకీ, ఏళ్లుగా పద్ధతిగా నడుస్తున్న క్లబ్బులకీ సంబంధం ఉండదు. కానీ నిద్ర చెడిన కాలనీవాళ్లకి ఆ తేడా ఎవరు చెప్తారు? అందుకే మంచి క్లబ్బులు సైలెన్సర్ మార్చిన బండిని రైడ్‌కి రానివ్వవు. ఇది వాళ్ల పేరు కాపాడుకునే పని.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డు మీద రేసు పెడితే మొదటిసారి 5 వేలు, మళ్లీ దొరికితే 10 వేల వరకు జరిమానా, జైలు కూడా పడొచ్చు. శబ్ద పరిమితి దాటితే 10 వేల వరకు. హెల్మెట్ లేకపోతే వెయ్యి, పైగా 3 నెలలు లైసెన్స్ సస్పెన్షన్. చాలామంది పట్టించుకోనిది ఇన్సూరెన్స్. రేసులు, స్పీడ్ టెస్టుల్లో జరిగిన నష్టానికి మామూలు పాలసీ వర్తించదు. "ఘాట్ మీద ఎవరు ముందు" అని సరదాగా పందెం వేసి పడితే రిపేరు ఖర్చుతో పాటు క్లెయిమ్ దగ్గర కూడా చిక్కే.

మొదటి రైడ్‌లోనే తెలిసిపోతుంది

చేరాలనుకుంటే డబ్బు కట్టకుండా ముందు ఒక చిన్న రైడ్‌కి వెళ్లండి. బయల్దేరే ముందు పది నిమిషాలు నిలబెట్టి రూటు, ఆగే చోట్లు, చేతి సైగలు చెప్పారా? హెల్మెట్, గ్లోవ్స్, షూ, టైర్లు చూశారా? మీ బ్లడ్ గ్రూప్, ఇంట్లో వాళ్ల నంబర్ రాసుకున్నారా? ఇవేమీ అడగకుండా "పదండి పదండి" అన్నారంటే రెండోసారి వెళ్లక్కర్లేదు.

పద్ధతి తెలిసిన గ్రూపులో ముందు లీడ్ రైడర్, చివర స్వీప్ ఉంటారు. కొత్తవాళ్లని లీడ్ వెనకాలే పెడతారు. ఎందుకంటే బైకుల వరుస రబ్బరు బ్యాండ్ లాంటిది. ముందున్నవాళ్లు 80లో వెళ్తుంటే, గ్యాప్ పూడ్చుకోడానికి చివరివాళ్లు 100 కొట్టాల్సి వస్తుంది. కొత్తవాళ్లు తోకలో ఉంటే ప్రమాదం అక్కడే మొదలవుతుంది. తిన్నని రోడ్డు మీద ఒకరు కుడివైపు, ఒకరు ఎడమవైపు జిగ్‌జాగ్‌గా వెళ్తారు. ముందున్న బైకుకీ మీకూ కనీసం రెండు సెకన్ల దూరం ఉండాలి. మలుపులు రాగానే అందరూ ఒకరి వెనక ఒకరు వచ్చేయాలి. వెనకబడినవాళ్ల కోసం స్వీప్ ఆగుతాడు. ఎవరినీ వదిలేసి వెళ్లరు.

అసలు ప్రమాదం "వెనకబడితే పరువు పోతుంది" అనే ఫీలింగ్. నిన్నటిదాకా 60 దాటని మనిషి, గ్రూపులో పడగానే ఘాట్ మలుపులో కూడా ముందువాడి టెయిల్ లైట్ వదలడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 74,897 మంది టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లే. ఆ ప్రమాదాలన్నీ గ్రూప్ రైడ్‌లలో జరిగినవి కావు. కానీ బైక్ మీద తప్పు చేస్తే రెండో అవకాశం తక్కువని ఆ అంకెలు చెప్తున్నాయి. అందుకే "నీ స్పీడ్‌లో నువ్వు రా, మేం జంక్షన్ దగ్గర ఆగుతాం" అని చెప్పే గ్రూపునే నమ్మండి.

రూటు చూసినా గ్రూప్ తీరు తెలుస్తుంది. హైదరాబాద్ ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లని అనుమతించరు, సర్వీస్ రోడ్డే దిక్కు. శ్రీశైలం దారిలో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ గుండా రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు వదలరు. ఆరింటికి ముందే మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటేస్తాం అని ప్లాన్ వేసిన గ్రూప్ ఎంత సీరియస్సో మీరే అర్థం చేసుకోండి.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. సభ్యత్వం ఎంత, జాకెట్ ఎంత, దేనికి ఖర్చు పెడుతున్నారు.. లెక్క అడగండి. అమ్మాయిలైతే గ్రూపులో ఇప్పటికే ఉన్న మహిళా రైడర్లతో విడిగా మాట్లాడాకే చేరండి. ఫొటోల్లో ఒక్కరూ కనిపించకపోతే ఎందుకో అడగండి. రైడ్ మధ్యలో బీరు తాగే అలవాటున్న గ్రూప్ అయితే ఇక ఏ ప్రశ్నా అక్కర్లేదు.

బయటకి రావాలంటే? వాట్సాప్ గ్రూపుకి ఒక్క మెసేజ్ చాలు. ప్యాచ్ ఉన్న క్లబ్బుల్లో మాత్రం ప్యాచ్ క్లబ్ ఆస్తి, వెళ్లేటప్పుడు తిరిగిచ్చేయాలి. ఈ రూలు చేరేటప్పుడే చెప్తారు. చెప్పకపోతే మీరే అడిగి రాయించుకోండి.