ధర్మపురికి జెండా ఉన్నదా?

ఒక నగరం తన ప్రత్యేక గుర్తింపు కొరకు ఎగురవేసే జెండాను నగర పతాకం అంటారు. ఆమ్‌స్టర్‌డామ్ నగర పతాకంలో ఎర్రని వస్త్రం నడుమ నల్లని అడ్డుపట్టీ, దానిపై మూడు తెల్లని గుణకారపు గుర్తులు ఉంటాయి. ఐరోపాలో ఇట్టివి కొల్లలు. మన దేశంలో ఈ ఆచారం వేళ్లూనలేదు. ధర్మపురి వంటి మన పట్టణాలకు జాతీయ పతాకమే పతాకం.

తమిళనాడుకు రాష్ట్ర పతాకం సైతం లేదు. రాజముద్ర మాత్రమే కలదు. మన పిల్లల మార్కుల పట్టీలపై నిత్యం చూచే గుర్తే అది. నడుమ ఆలయ గోపురం, దాని పాదాన అశోకుని సింహ శీర్షం, ఇరుప్రక్కల జాతీయ జెండాలు. చుట్టూ తమిళ లిపిలో పైన ‘తమిళ్‌నాడు అరసు’, అనగా తమిళనాడు ప్రభుత్వం. క్రింద ‘వాయ్మైయే వెల్లుం’, అనగా సత్యమే జయిస్తుంది. 1949లో దీనిని చిత్రించినవారు మదురైకు చెందిన చిత్రకారుడు ఆర్. కృష్ణారావు. ఆ గోపురం శ్రీవిల్లిపుత్తూరుదని పలువురి నమ్మకం. మదురై మీనాక్షి ఆలయ పశ్చిమ గోపురమని మరొక వాదం. ఈ వాదం నేటికీ తెగలేదు.

1970లో ముఖ్యమంత్రి కరుణానిధి రాష్ట్రానికొక పతాకం ఉండాలని ప్రతిపాదించారు. ఎడమ పైమూల జాతీయ జెండా, కుడి దిగువన గోపుర ముద్ర గల నమూనాను చూపారు. అది అమలుకు రాలేదు. అయితే స్వాతంత్ర్య దినాన జాతీయ జెండాను ముఖ్యమంత్రులు ఎగురవేసే హక్కు 1974లో లభించింది. అంతకు ముందు ఆ గౌరవం గవర్నర్లది.

ఇక ఎల్లకు ఆవలి పసుపు, ఎరుపుల కన్నడ జెండా సంగతి. 1960లలో మ. రామమూర్తి రూపొందించిన ఈ జెండా పసుపు కుంకుమలకు సంకేతం. కనుకనే మన ఇళ్లలోని ఆడవారికి దాని అర్థం ఎవరూ చెప్పనక్కర లేదు. అది అధికారిక పతాకం కాదు. కర్ణాటక ప్రభుత్వం 2018లో నడుమ తెల్లపట్టీ, దానిపై గండభేరుండం చేర్చిన మరొక నమూనాను ఆమోదించి కేంద్రానికి పంపింది.

ధర్మపురికే ఒక జెండా ఉంటే? ఈ ప్రశ్న మా తరగతిలో ఒక పిల్లవాడు వేశాడు. కాగితాలిచ్చి గీయమన్నాను. కొందరు హొగేనకల్ జలపాతం గీశారు. ఎక్కువమంది ఉసిరికాయనే ఎంచుకున్నారు. పూర్వం తగడూరుగా పిలువబడిన ఈ సీమను ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి, దీర్ఘాయువునిచ్చే ఉసిరికాయను తాను తినక కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చెనని సంగం కాలపు గాథ. నా మట్టుకు నాకు జలపాతం కంటె అదే మేలనిపించింది. ఉసిరికాయ గీయడం పసివారికీ సులువు.

ఒక బాలిక మాత్రం పెన్సిలు పట్టుకొని ఊరకే కూర్చున్నది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మేనమామ ఊరిలో కన్నడం. “అయ్యా, ఊరి పేరు ఏ లిపిలో వ్రాయాలి?” అని అడిగింది. నాకు వెంటనే బదులు తోచలేదు. జాతీయ జెండాపై ఏ అక్షరాలూ వ్రాయరాదని పతాక నియమావళి చెప్పుచున్నది. పైగా జెండాపై వ్రాత వెనుక నుండి అద్దంలో చూచినట్లు అగుపడుతుంది. ఈ రెండూ చెప్పాను. ఆ పిల్ల కొంతసేపు ఆలోచించి, పేరు కొరకు విడిచిన చోట ఉసిరి రెమ్మ వేసింది.