చెర్నీ పట్టిన పరీక్ష

1819వ సంవత్సరమున హంగరీ దేశస్థుడొకడు తన యెనిమిదేండ్ల కొడుకును వియన్నా నగరమునందలి పియానో గురువు కార్ల్ చెర్నీ యింటికి తోడ్కొనివచ్చెను. ఆ బాలుడే ఫ్రాంజ్ లిస్ట్. వాయించునపుడు వ్రేళ్లు మెట్లపై నిచ్చవచ్చినట్లు పరుగెత్తెను, తాళము నిలువలేదు. అయినను చెర్నీ వాని ప్రతిభకు అచ్చెరువొందెను.

1822లో తండ్రి, ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువునుండి సెలవు పుచ్చుకొని, కుటుంబముతో వియన్నా చేరెను. ఇంత తెగించిన తండ్రికి కొడుకు పేరు త్వరగా మ్రోగవలెనని యుండదా? సరళీవరుసలు ముగియకమునుపే కృతికై త్వరపడువారు మన యూళ్లలోను కలరు. చెర్నీ త్వరపడలేదు. మొదట స్వరసాధనము, పిమ్మట క్లెమెంటీ సొనాటాలు. తాళము కుదిరిన పిదపనే కఠినకృతులు. వేగమును జూచి సిద్ధమైనాడనువారు పెక్కురు; ఆయన చూచినది నిలుకడ.

ఆ సంవత్సరము డిసెంబరు 1న పదునొకండేండ్ల లిస్ట్ వియన్నా సభలో హుమ్మెల్ రచించిన కాన్సెర్టోను వాయించెను.