మా తాత మైలేజీ పుస్తకం

మా తాత హోసూరులో అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. ఆయన పెట్టెలో అట్ట ఊడిపోయిన లెక్కల పుస్తకం ఒకటి ఉంది. అందులో రోజూ మూడే అంకెలు: తిరిగిన కిలోమీటర్లు, పోయించిన పెట్రోలు, లీటరుకి ఎంత వచ్చింది. మొదటి పేజీ మీద 1973 డిసెంబరు అని ఉంది. అప్పుడే ఎందుకు మొదలుపెట్టారో తెలుసుకోవాలని ఈ వ్యాసం రాశాను.

1973 అక్టోబరులో ఈజిప్టు, సిరియాలకు ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చింది. అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. బ్యారెల్ మూడు డాలర్లు ఉండేది కొద్ది నెలల్లో దాదాపు పన్నెండు డాలర్లయింది. అమెరికాలో అప్పుడు ఓడల్లాంటి కార్లు తిరిగేవి. కాడిలాక్ ఎల్డొరాడో ఇంజను 8.2 లీటర్లది! బంకుల ముందు బారులు తీరిన తర్వాతే వాళ్ళకు మైలేజీ గుర్తొచ్చింది. 1975లో చట్టం చేసి, 1985 నాటికి కొత్త కార్లు సగటున గాలన్‌కి 27.5 మైళ్ళు ఇవ్వాలన్నారు. మన లెక్కలో లీటరుకి 11.7 కిలోమీటర్లు.

మన దేశంలోనూ పెట్రోలు ధర పెంచారు. దానికి నిరసనగా వాజ్‌పేయి గారు ఎడ్లబండిలో పార్లమెంటుకు వచ్చారు. మా తాత అప్పుడు ఒక షావుకారు దగ్గర జీతానికి డ్రైవరు. మైలేజీ తగ్గితే డ్రైవరే పెట్రోలు తీసి అమ్ముకున్నాడని షావుకారుకి అనుమానం. అందుకే లెక్క రాయమన్నాడు.

పుస్తకంలో బెంగళూరు రోడ్డు మీద 10 అని ఉంటే, ఊళ్ళో తిరిగిన రోజు 7 అని ఉంది. "ఎందుకు తాతా ఇంత తేడా?" అని అడిగాను. "బండి బరువు టన్నుకి పైన కదప్పా! ఆపిన ప్రతిసారీ అంత బరువునీ మళ్ళా కదిలించాల. పొద్దున్నే చోక్ లాగితే ఇంకా తాగుతుంది" అన్నారు. అంబాసిడర్ ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో మొదలైంది. 1,489 సీసీ పెట్రోలు ఇంజనుతోనే దశాబ్దాలు నడిచింది. కొనేవాళ్ళు వరుసలో ఉంటే మార్చాల్సిన అవసరం కంపెనీకి ఏముంటుంది? 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దాని బరువు దాదాపు 650 కిలోలే. అప్పటినుంచి జనం మైలేజీ అడగడం మొదలుపెట్టారు.

తర్వాత తాత సొంతంగా పాత అంబాసిడర్ కొన్నారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. మళ్ళీ చమురు ధర పెరిగింది. ఆ నెలల పేజీల్లో అంచున "పిల్లోడి ఫీజు బాకీ" అని మూడుసార్లు ఉంది. ఆ పిల్లోడు మా నాయన. అప్పుడు పదో తరగతి, నా వయసే. బడి మాన్పించి షెడ్డులో పెడదామని తాత అనుకున్నారట. మా అవ్వ ఒప్పుకోలేదు. తన గాజులు కుదువ పెట్టి, కారులో పాత డీజిల్ ఇంజను వేయించింది. డీజిల్ ధర తక్కువ, పైగా లీటరుకి 13 వచ్చింది. రెండు నెలల తర్వాత పేజీలో "ఫీజు కట్టినాను" అని ఉంది. గాజులు విడిపించినట్టు మాత్రం ఎక్కడా లేదు.

2014లో ఉత్తరపాడా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. తాత కారు అంతకుముందే పాత ఇనుముకి పోయింది.

చరిత్ర పాఠంలో యుద్ధాల తేదీలు బట్టీ పడతాము. ఎక్కడో జరిగిన యుద్ధం మా ఇంట్లో లీటరు లెక్కగా, ఫీజు బాకీగా వచ్చిందని ఈ పుస్తకం చూశాకే నాకు తెలిసింది. మీ ఇళ్ళలోనూ ఇలాంటి లెక్కల పుస్తకాలు ఉంటే పారేయకండి. ఒకసారి తెరిచి, తేదీలు చూడండి.